రెండు కానుక పెట్టెలు

బషీరాబాద్ చర్చి నుంచి ఆరుగురు మనుషులు అనాథ పిల్లల సేవకు బయల్దేరాలంటే ముందు ఏం కావాలి అని అడిగితే, ఎక్కువమంది పైసలు అంటారు. నా లెక్కలో పైసలు మూడో మెట్టు. మొదటిది, ఆ పిల్లల దగ్గరికి మనమే ఎందుకు పోవాలి అన్న ప్రశ్నకు జవాబు. రెండోది ఒక కాగితం. ఆ రెండూ ఉన్నాయంటే చందా అడగడం పెద్ద కష్టం కాదు. అవి లేకుండా మొదలుపెట్టినవాళ్లే ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి మొహమాటంగా నవ్వుతారు.

ఇది తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కొత్తగూడెం వైపు ఒక బాలల గృహం ఉందనుకోండి. పిల్లలు పడుకునే హాలు గచ్చు పెచ్చులూడిపోయి, వానాకాలం తడి ఎక్కుతోంది. హాలు ఆరు వందల చదరపు అడుగులు. మన తాండూరు, బషీరాబాద్ పక్క నాపరాతి గనుల మీద బతికే ఇళ్లకు కొదవ లేదు. బండ పరవడం, మట్టం చూడడం, సందులు పూడ్చడం మన సంఘంలో నలుగురికైనా చేతి పని. మనమే ఎందుకు పోవాలి అన్నదానికి ఇది గట్టి జవాబు. పిల్లలతో ఆడుకోవడానికి, పాటలు నేర్పడానికి అన్నది బలహీనమైన జవాబు. ఆటలు ఆడించేవాళ్లు కొత్తగూడెంలోనూ ఉంటారు. బండ పని కూడా అక్కడి మేస్త్రీలే తక్కువలో చేస్తారని తేలితే, యాత్ర మానుకుని డబ్బు పంపడమే న్యాయం. ఈ మాట సంఘంలో ఎవరో ఒకరు లేచి అడగాలి. అడిగే మనిషి లేకపోతే కాపరి అయ్యగారే అడగాలి.

ఇక కాగితం. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి గృహమూ రిజిస్టర్ కావాలి. ప్రభుత్వానిదైనా, స్వచ్ఛంద సంస్థదైనా, సంఘానిదైనా తేడా లేదు. ఆ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లలు ఆ గృహానికి చేరవలసింది కూడా జిల్లా బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీదే. కాబట్టి ఫోన్ చేసి, ‘బ్రదర్, మీ సర్టిఫికెట్ కాపీ, సమితి ఉత్తర్వులు ఉన్నట్టు ఒక ఉత్తరం పంపుతారా?’ అని మర్యాదగా అడగండి. మంచి గృహం అదే రోజు పంపుతుంది. ‘మన ప్రభువు పనికి ఇవన్నీ ఎందుకు బ్రదర్?’ అన్న జవాబు వస్తే అక్కడికి పోవద్దు, పైసా పంపొద్దు.

గృహాల్లో ఉండే పిల్లల్లో తల్లో తండ్రో బతికున్నవాళ్లు చాలామందే ఉంటారు. పేదరికం, తాగుడు, వలస, రెండో పెళ్లి వాళ్లను అక్కడికి చేరుస్తాయి. చందా అడిగేటప్పుడు అందరినీ కలిపి ‘దిక్కులేని పిల్లలు’ అనేస్తే మనసులు కరుగుతాయి గానీ, అది అబద్ధం. బతికున్న తల్లిని కాగితం మీద చంపేసినట్టు.

ఎప్పుడు పోవాలన్నది డబ్బుతో ముడిపడిన సంగతే. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు సంగతెలా ఉన్నా, మన మండలంలో చేతిలో నాలుగు రాళ్లు ఆడేది ఆ పంట ఇంటికొచ్చాకే. డిసెంబర్, జనవరిలో కోత. మార్కెట్ యార్డులో అమ్మి, అప్పులు తీరి, మిగిలింది తేలేసరికి ఫిబ్రవరి. జూన్, జులైలో విత్తనాలకే వెతుక్కునే రైతు ఇంటి ముందు చందా పుస్తకం తెరవడం అన్యాయం. క్రిస్మస్ ముందు అడిగితే కొత్త బట్టల ఖర్చుతో పోటీ. అందుకే సంక్రాంతి దాటాక మొదలుపెట్టి మార్చి చివరికి ముగించాలి.

యాత్ర ఏప్రిల్ ఆఖర్లో. అప్పటికి బడులకు వేసవి సెలవులిస్తారు. చుట్టాలున్న పిల్లలు ఊళ్లకు పోతారు, హాలు ఖాళీ అవుతుంది. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడే బండలు పరవగలం. హాలు ఖాళీ అంటే పిల్లలు లేరని. సెలవులకు పిలిచే గడప లేని కొద్దిమంది మాత్రం మిగిలి, వేరే గదిలో ఉంటారు. అంటే మనం దాదాపు పిల్లల్ని చూడకుండానే తిరిగొస్తాం. సంఘంలో ఈ మాట చెప్పగానే సగం మంది ఉత్సాహం చల్లారుతుంది. ‘మరి పిల్లలతో కూడిక లేదా? ఫొటోలు లేవా?’ చల్లారనివ్వండి. ఎవరు మిగులుతారో వాళ్లతోనే జట్టు కట్టాలి. చందా ఇచ్చేవాళ్లకు కూడా ఈ సంగతి ముందే చెప్పాలి.

ఇప్పుడు లెక్క రాయాలి. అదీ రెండు పేజీల్లో, విడివిడిగా. మొదటిది యాత్ర పేజీ: నవాంద్గి నుంచో తాండూరు నుంచో సికింద్రాబాద్, అక్కణ్నుంచి కాజీపేట, మహబూబాబాద్, డోర్నకల్ మీదుగా భద్రాచలం రోడ్ స్టేషన్. పేరు భద్రాచలం రోడ్ అయినా దిగేది కొత్తగూడెంలోనే. రానుపోను రైలు, ఆటో కలిపి మనిషికి 1,500 అనుకుంటే ఆరుగురికి 9,000. తిండికి రోజుకు మనిషికి 200 చొప్పున ఐదు రోజులకు 6,000. మొత్తం 15,000.

రెండోది పిల్లల పేజీ: నాప బండలు 18,000, లారీ కిరాయి 28,000, సిమెంటు, ఇసుక 14,000. మొత్తం 60,000. ధరలు ఉదాహరణకే, మీ నాటి ధరలు వేసుకోండి. లారీ అంత ఎందుకంటారా? అంగుళం మందం బండ చదరపు అడుగుకు సుమారు ఆరు కిలోలు తూగుతుంది. ఆరు వందల అడుగులంటే మూడున్నర టన్నులు దాటుతుంది. విరిగేవాటికి పదో వంతు ఎక్కువ వేసుకోవాలి. ఇది ఏ డీసీఎం మూలనో సర్దే బరువు కాదు.

ఈ రెండు పేజీలను కలపకూడదు. చందా యాత్రల్లో జరిగే గోల్‌మాల్ చాలావరకు దొంగతనం వల్ల జరగదు, ఈ కలపడం వల్లే జరుగుతుంది. ‘అనాథ పిల్లల కోసం’ అని ఇచ్చిన వంద రూపాయల్లో డెబ్బై మన టికెట్లకూ బిర్యానీకీ పోతే, ఇచ్చినావిడకు తెలిసిన రోజు ఆమె మళ్లీ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. నా పట్టింపు ఏమిటంటే, యాత్ర పేజీ మొత్తం పోయేవాళ్ల జేబులోంచి రావాలి. కూలికి పోయే కుర్రాడి దగ్గర 2,500 లేకపోతే అతని టికెట్ కోసం యవనస్థుల కూడిక వేరుగా, ఆ మాట చెప్పే అడగాలి. మందిరంలో రెండు పెట్టెలు పెట్టి, ఒకదాని మీద ‘ప్రయాణం’, ఇంకోదాని మీద ‘బండలు’ అని రాస్తే చాలు. దేంట్లో ఎంత పడుతుందో చూస్తే సంఘం మనసు కూడా తెలుస్తుంది.

ఈ పెట్టెల వెనక పెద్ద చరిత్రే ఉంది. తెలుగు నేల మీద మిషన్లు నిలబడిందే చిన్న డబ్బు మీద. 1869లో బాస్టన్‌లో కొందరు మెథడిస్టు స్త్రీలు కూడి, వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన అన్న షరతుతో ఒక సమాజం మొదలుపెట్టారు. ఆ రెండు సెంట్లే చేరి చేరి, తర్వాత కాలంలో మన వికారాబాద్‌లో ఆడపిల్లల బడిని నడిపాయి. అంతకుముందు 1853లో నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను ఫలితం లేదని మూసేద్దామని అమెరికాలోని ఆల్బనీ సభలో చర్చ వచ్చింది. పటం మీద ఒంటరి చుక్కలా ఉన్న నెల్లూరు మీద శామ్యూల్ ఎఫ్. స్మిత్ రాత్రికి రాత్రి ఒక పద్యం రాసి ఇచ్చాడు. అమెరికా దేశభక్తి గీతం రాసింది ఆయనే. ఆ పద్యం చదివాక మిషన్ నిలిచింది. విన్నపం రాసేవాడి చేతిలో ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి బలాన్ని జాగ్రత్తగా వాడాలి మరి.

నాకు ఇంతకంటే దగ్గరగా తోచేది డోర్నకల్ కథ. కొత్తగూడెం పోయే లైను విడిపోయేది ఆ జంక్షన్‌లోనే, కాబట్టి మన జట్టు రైలు కిటికీలోంచి ఆ ఊరిని చూస్తుంది. తర్వాత డోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియాకు సేవకులను పంపడం చూశాడు. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. 1905 క్రిస్మస్ నాడు శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు, డబ్బు, నడిపింపు అన్నీ భారతీయులవే కావాలన్నది దాని పట్టుదల. తిరునల్వేలి పల్లెల్లో పోగైన డబ్బు తెలుగు ఊళ్లలో ఖర్చయింది. అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. డోర్నకల్ డయోసిస్‌లో వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు పక్కన పెట్టి మందిరానికి తెచ్చే అలవాటు స్త్రీల చేతుల్లో పెరిగింది. మిజోరంలో 1910 ప్రాంతంలో మొదలైన అలాంటి పద్ధతి నేటికీ అక్కడి సంఘాల పెద్ద ఆదాయం.

బషీరాబాద్‌లో కూడా ఇది చేసి చూడొచ్చు, పిడికెడు కందిపప్పుతో. స్త్రీల సమాజం ఫిబ్రవరి, మార్చి వారాల్లో ఇంటింటికీ ఒక స్టీలు డబ్బా ఇవ్వాలి. ఆదివారం తెచ్చినదంతా ఒకచోట పోసి, ఆరాధన అయ్యాక వేలం వెయ్యాలి. కోత పండుగ వేలంలో పాతిక రూపాయల గుమ్మడికాయ ఐదు వందలు పలకడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వేలం పాడే పెద్దమనిషి చమత్కారి అయితే ఆ రోజు రాబడే వేరు. వచ్చిన పైసలు ‘బండలు’ పెట్టెలోకే.

చందా అడిగే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. వాట్సాప్‌లో పంపినా, అచ్చు వేయించి చేతికిచ్చినా మాటలు ఇవే:

‘ప్రభువునందు ప్రియమైన పెద్దలకు వందనములు. కొత్తగూడెం దగ్గర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ఒక బాలల గృహంలో పిల్లలు పడుకునే హాలుకు బండలు పరవడానికి మన సంఘం నుంచి ఆరుగురం ఏప్రిల్ ఆఖరి వారంలో వెళ్తున్నాం. మా ప్రయాణం, తిండి ఖర్చు 15,000 మేమే పెట్టుకుంటున్నాం. బండలు, లారీ, సిమెంటుకు 60,000 కావాలి. మార్చి 31 లోపు అందితే మేలు. సెలవులు కనుక ఆ సమయంలో పిల్లలు చాలామంది అక్కడ ఉండరు. పిల్లల ఫొటోలు తీయము, పంపము. ఇవ్వలేనివారు ఎండలో మా పని కోసం ప్రార్థించండి. ప్రతి రూపాయికీ రసీదు, మే మొదటి ఆదివారం మందిరంలో లెక్క.’

ఫొటోల మాట ఉత్తరంలో ఉండి తీరాలి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, సంరక్షణలో ఉన్న బిడ్డ ఎవరో తెలిసేలా పేరు, చిరునామా, బడి, బొమ్మ ఏదీ బయట పెట్టకూడదంటుంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన ఫేస్‌బుక్‌లో రోజూ కనబడే ‘అనాథ పిల్లలకు పండ్ల పంపిణీ’ బొమ్మలు ఎంతమందిని ఈ సెక్షన్ కిందికి తెస్తాయో ఆలోచించండి. చట్టం పక్కన పెట్టినా, పదేళ్ల పిల్ల చేతిలో అరటిపండు పెట్టి తీసిన బొమ్మ, ఆ పిల్లకు ఇరవై ఐదేళ్లొచ్చినా ఎవరి ఫోన్లోనో ఉంటుంది. దాత పెత్తనం బిడ్డ మీద సాగడం కొత్త సంగతేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు కొన్ని మిషను అనాథశాలల్లో, ఏడాది ఖర్చు పంపిన విదేశీ దాతకు బిడ్డకు పేరు పెట్టే హక్కు ఉండేది. హిందీ మాట్లాడే ఊళ్ల పిల్లలు అమెరికా అవ్వల పేర్లతో పెరిగారు.

అడిగే వరుసలో మొదటి రసీదు జట్టు పెద్దది కావాలి. తర్వాత మిగిలిన ఐదుగురివి, ఆ తర్వాత కాపరిది, ఆ పైన సంఘానిది. బయటివాళ్ల దగ్గరికి పోయేటప్పుడు పుస్తకంలో మన పేర్లు ముందు కనబడాలి. బండల కోసం పాలిషింగ్ యూనిట్ యజమాని దగ్గరికి పోతే మాటలు సుమారుగా ఇలా నడుస్తాయి.

‘సేఠ్, ఆరు వందల అడుగులు కావాలె. పిల్లల హాస్టలుకు. ధరల ఏమన్న తగ్గిస్తరా?’

‘ఏడ? మీ చర్చిదా? గా పోరగాళ్లను మతంల కలుపుకుంటరేమో?’

‘మేం పొయ్యేది బండ పరవనీకి సేఠ్. ఇగో రిజిస్ట్రేషన్ కాయిదం. పిల్లలు సెలవులకు పోయినంకనే పని. నమ్మకం లేకుంటే లారీ ఎంబడి మీ మనిషిని పంపుర్రి.’

‘మనిషెందుకు. పసుపు బండ ఉన్నది, సైజు ఒక్కతీరు రాదు. నడుస్తదా?’

‘నడుస్తది. కోసుకుంటం.’

మతం గురించిన ఆ ప్రశ్నకు నొచ్చుకోవద్దు. ఊళ్లో అందరితో కలిసి బతికేవాళ్లు అడుగుతారు, అడగాలి. సూటిగా చెప్పగలిగితే తాండూరు బజారులో ఇవ్వనివాడు తక్కువ. బండలే ఉచితంగా వస్తే పిల్లల పేజీలో 18,000 తగ్గించి రాయాలి. ఇచ్చినవాళ్లకు ఆ సంగతి అదే వారం చెప్పాలి. తగ్గింది కదా అని ఆ సొమ్ముకు కొత్త ఖర్చు వెతకొద్దు.

డబ్బు ఎక్కడ నిలవాలి? ఒకరి ఫోన్‌పేలో మాత్రం వద్దు. సంఘం పేర బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం, అందులో ఒకరు జట్టులో లేని మనిషి. పన్ను మినహాయింపు అడిగేవాళ్లకు నిజం చెప్పండి: కేవలం మతపరమైన సంస్థకు అలాంటి మినహాయింపు గుర్తింపు మామూలుగా రాదు. గృహం నడిపే సొసైటీకి ఉంటే వాళ్లు నేరుగా దానికే పంపుకోవచ్చు. అక్కడ కూడా 2,000 దాటిన నగదుకు మినహాయింపు లేదు, కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు.

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్లు ‘మొత్తం నేనే ఇస్తా’ అంటారు. ఇక్కడ తొందరపడొద్దు. భారత పౌరసత్వం ఉన్న మనిషి బయటి దేశంలో సంపాదించి, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరుడయ్యాక పంపితే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. చిన్న సంఘానికి ఇదంతా అయ్యే పని కాదు. మర్యాదగా వద్దనండి. ఓసీఐ కార్డుతో వచ్చి జట్టులో చేరతానన్నా, మిషనరీ పనికి వాళ్లకు ప్రత్యేక అనుమతి కావాలని చెప్పండి.

పైగా ఒక్క పెద్ద చెక్కు వస్తే ఊళ్లో స్టీలు డబ్బాలు మూలపడతాయి. మూడు వందల ఇళ్ల పప్పుతో పరిచిన గచ్చు గురించి మూడు వందల ఇళ్లు అడుగుతాయి. ఒక్క చెక్కుతో పరిచిన గచ్చు గురించి ఒక్క ఇల్లు అడుగుతుంది, అదీ డాలస్‌లో.

బయల్దేరే ముందు ఆదివారం అయ్యగారు జట్టు మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. అదే రోజు ఆరుగురూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండం, ఫోన్ నంబర్ ఇవ్వం, తీసుకోం, విడిగా ఎవరికీ బహుమతులివ్వం, ‘మళ్లొస్తాం’ అనం. చివరిదే అన్నిటికంటే కష్టం. సెలవులకు ఎవరూ రాని పిల్లలు ఆ నాలుగైదు రోజుల్లో మేస్త్రీ చుట్టూ చేరతారు, తాపీ పట్టుకుంటామంటారు, పేర్లడుగుతారు. మాట ఇచ్చి రాకపోయిన మనుషులు వాళ్లకు ఇప్పటికే చాలామంది తెలుసు. ఏదైనా తేడా కనిపిస్తే, బిడ్డ ఒంటి మీద దెబ్బలో భయమో, నిర్వాహకుల దగ్గర మొహమాటపడకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి.

తక్కిన పనంతా మీకు తెలిసిందే. ఇద్దరిద్దరు జతగా రోజుకు రెండు వందల అడుగులు పడతాయి, నాలుగో రోజు సందులు, అంచులు. పరిచాక వారం రోజులు తడపడం మాత్రం గృహం వాళ్ల చేత ఒప్పించుకుని రావాలి, ఏప్రిల్ ఎండకు సిమెంటు బీటలు వారుతుంది.

తిరిగొచ్చాక లెక్క. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను సాకిన జార్జ్ ముల్లర్ ఎవరినీ నేరుగా డబ్బు అడగలేదు, ప్రార్థన మీదే నడిపాడని మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. ఏ దానం ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో ఏటేటా అచ్చు వేయించిన మనిషి కూడా ఆయనే అన్నది అంత తరచుగా వినం. ఆయన సంస్థ డబ్బే గోదావరి జిల్లాల్లో పనిచేసిన మిషనరీలకూ అందింది. మందిరం గోడకు రెండు పేజీలూ అంటించండి, బిల్లులతో సహా.

‘ప్రయాణం’లో మిగిలితే పెట్టుకున్నవాళ్లకు తిరిగివ్వాలి. ‘బండలు’లో మిగిలితే ఇచ్చినవాళ్ల అనుమతితోనే వేరే పనికి. నన్నడిగితే ఆ పని బషీరాబాద్ మండలంలోనే వెతకమంటాను. తల్లో తండ్రో పోయి, అమ్మమ్మ దగ్గరో బాబాయి దగ్గరో పెరుగుతున్న పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. అలాంటి బిడ్డ గృహానికి పోకుండా ఇంట్లోనే పెరగడానికి మిషన్ వాత్సల్య పథకం నెలకు 4,000 ఇస్తుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు వికారాబాద్‌లోని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా కావాలి. వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి అమ్మమ్మకు బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి, పక్కన చదువుకున్న కుర్రాడు ఒకడు కావాలి. యవనస్థుల కూడికలో ఆ కుర్రాడి పేరు రాసుకోండి.